హాలు మధ్య సుద్దగీత

మొన్న ఉదయం మా సైనిక్‌పురి సందులో, ఎదురింటి ముందు రెండు ట్రాలీ ఆటోలు వచ్చి ఆగాయి. ఆ ఇంట్లో ఉండే కుర్ర దంపతులు విడిపోయారట. ఫ్రిజ్ ఒక ఆటోలోకి, వాషింగ్ మెషీన్ ఇంకో ఆటోలోకి ఎక్కుతున్నాయి. బీరువా ఒక్కటే ఎటూ తేలక రోడ్డు మీద నిలబడి ఉంది. ఆ అమ్మాయి దాని పిడి పట్టుకుని, వదిలితే ఎవరో లాక్కుపోతారన్నట్టు చూస్తోంది. నా ప్లేట్లో ఇడ్లీ చల్లారిపోయినా కిటికీ దగ్గర్నుంచి కదల్లేకపోయాను. ఆ చూపు నాకు తెలుసు. అల్వాల్‌లో మా అక్క ముఖంలో దాన్ని ఏళ్ళ తరబడి చూశాను.

అప్పటికింకా రాష్ట్రం ఒకటే. మా అమ్మానాన్నలది మెట్టుగూడ. అక్క బడిలో టీచరు, బావ ఆఫీసు ఉద్యోగి. చర్చిలో పెళ్ళయిన కొన్నాళ్ళకే అల్వాల్‌లో ఇద్దరి పేర్ల మీదా స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. ముందు హాలు, దాని పక్కన వంటిల్లు, వెనకాల రెండు గదులు. రైల్వేలో పనిచేసిన మా నాన్న దాన్ని చూసి, పెట్టెలన్నీ బాగా తగిలించారు, ఇంజనే తక్కువ అనేవాడు. బావ అరిచే మనిషి కాదు, కొట్టే మనిషీ కాదు. నవ్వుతూనే ఇంకొకరితో కాపురం పెట్టడానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తన తల్లిని వెంట తీసుకుపోలేదు. ఆవిడా వస్తానని అనలేదు. అక్క దగ్గరే ఉండిపోయింది. విడాకులు వచ్చాక ఇక పీడ వదిలిందనుకున్నాం. అప్పుడు వేశాడు ఇంకో దావా. ఇల్లంతా తన డబ్బుతో కట్టిందేననీ, భార్య పేరు ఏదో ప్రేమ కొద్దీ రాయించాననీ, ఆమెను ఖాళీ చేయించమనీ.

గడియారం స్తంభం దగ్గర మేడ మీద మా వకీలు గారి గది. ఆ కేసు రోజుల్లో నేను అక్క ఇంట్లోనే ఉండి, ఆయన దగ్గరికి ఎప్పుడూ తోడు వెళ్ళేదాన్ని. ఆయన టీలో ముంచబోతున్న బిస్కెట్‌ని మధ్యకి విరిచి చూపించారు. కొన్ని దేశాల్లో మొగుడూ పెళ్ళాల ఆస్తి ఇలా పంచుతారట. మన దగ్గర బిస్కెట్ ఎవరి పేరు మీద ఉంది, ఎవరి డబ్బుతో కొన్నారు అని ముందు అడుగుతారట. పుట్టింటి బంగారం ఆడమనిషిదే, దాన్నెవరూ ముట్టుకోలేరు, కాని అది కరిగి స్థలమైతే అలా అయిందని చూపించాలి, అన్నారు. అలా అంటూనే రెండు ముక్కలూ ఆయనే తినేశారు. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. ఆ స్థలం కోసం ఆమె గాజులు అమ్మినప్పుడు చూసినవాళ్ళు భర్తా, అత్తగారూ, అంతే.

ఆ రోజుల్లో అక్క బతికిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. వీధిలో స్కూటర్ చప్పుడైతే చేతిలో గరిటె అలాగే ఆగిపోయేది. పగలు కూడా లోపల గడియ, దానికి తాళం. బడికి పోతూ ఇంట్లోని తాళంచెవులన్నీ సంచిలో వేసుకుని, నడిచినంతసేపూ గలగలమంటూ వెళ్ళేది. పిల్లలు ఆమెకి గంటల టీచరని పేరు పెట్టారు. తిరిగొచ్చేసరికి సామాన్లు వీధిలో ఉంటాయేమోనని మలుపు దగ్గర కాసేపు నిలబడి, గుండె కుదుటపడ్డాకే ఇంటి వైపు చూసేది. అంతలో ఇంకో పిడుగు. బావ తన సాక్షిగా సొంత తల్లి పేరే ఇచ్చాడని తెలిసింది. ఆవిడ మా మధ్యే కూర్చుని బియ్యం ఏరుతుండేది. అక్క మాంసం మెత్తగా ఉడికించి, ముళ్ళు తీసిన చేప ముక్కలు ఆవిడ కంచంలో వేసేది. కోర్టులో ఏం చెబుతారని మేమిద్దరం ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని భయం.

సాక్ష్యం రోజున ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది. బైబిలు మీద చెయ్యి పెట్టి, కొడుకు వైపు చాలాసేపు చూసింది. అక్క నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ అచ్చులు పడ్డాయి. ఇల్లు ఎవరి డబ్బుతో కట్టారో చెప్పమ్మా అని బావ తరఫు వకీలు ధీమాగా అడిగాడు.

"స్థలం కొన్ననాడు ఈ పిల్ల చేతుల గాజులు నేనే తీయించిన సారూ," అందావిడ. "వాడు మళ్ళ చేయిస్తడు, తియ్యి బిడ్డా అన్న. వాడు చేయించలే. ఇల్లు వాడొక్కనిది ఎట్లయితది?"

వాడు నీ కొడుకు కాదా అని వకీలు రెట్టించాడు.

"కొడుకే. అందుకే గిన్ని దినాలు నోరు మూసుకున్న."

ముగ్గురం ఆటోలో అల్వాల్ తిరిగొచ్చాం. ఇంటి ముందు దిగాక ఆవిడ, చింతపండు నానేసినవా అని అక్కని అడిగింది.

తీర్పులో చెరి సగం అన్నారు. అమ్మి పంచుకోవడానికి అక్క ఒప్పుకోలేదు, బావకి తన సగం వదిలే ఉద్దేశం లేదు. అందుకని ఇల్లు కొలిచి పంచడానికి కోర్టు ఒక వకీలుని కమిషనరుగా పంపింది. ఆయన టేపు పట్టించి, హాలు మధ్యలో సుద్దతో గీత గీయించాడు. వంటిల్లూ, హాల్లో ముందు భాగమూ అక్కకి. మిగిలిన హాలూ, వెనక గదులూ బావకి. అత్తగారి మంచం ఉన్న గది అటు పోయింది. ఆ గీత మీద గోడ లేచేరోజు బావ వచ్చి, నాతో రా అమ్మా అన్నాడు. ఆవిడ మంచం మీద దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, గీత దాటి ఇటు వచ్చి కూర్చుంది.

గెలిచామనే అందరూ అన్నారు. కాని భయం ఇంకా పెరిగింది. బావ తన సగానికి తాళం వేసి వెళ్ళిపోయాడు. ఒంటి ఇటుక గోడకి అవతల చీకటి గదులు. ఎలుక కదిలినా అక్క ఉలిక్కిపడేది. ఎవరికి అమ్ముతాడో, ఎలాంటివాళ్ళని దింపుతాడోనని వణుకు. చివరికి అమ్మేశాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన టైలరు కుటుంబం దిగింది. మొదటి సాయంత్రం అటు కుట్టుమిషన్ మొదలయ్యేసరికి మేం ముగ్గురం బిగుసుకుని కూర్చున్నాం. కాసేపటికి టైలరు భార్య తలుపు తట్టింది.

"అక్కా, మిషను చప్పుడు మీకు తక్లీఫ్ అయితే చెప్పుండ్రి. జెర అటు మూలకు జరుపుకుంటం."

అక్క తలుపు పూర్తిగా తీసింది. తర్వాత, "ఉండనీ అమ్మా, గోడకే ఉండనీ" అంది. మిషన్ ఆ గోడ పక్కనే ఉండిపోయింది. అత్తగారు పోయినప్పుడు ఆఖరి గుడ్డలు దాని మీదే కుట్టారు.

నీ భయం ఎప్పుడు పోయిందని ఈమధ్య అక్కని అడిగాను. గుర్తులేదే అంది. అంత పెద్ద భయం ఏ రోజు పోయిందో కూడా తెలియకుండా పోయింది. ఏళ్ళు మన దగ్గర్నుంచి ఎన్నో పట్టుకుపోతాయని బాధపడతాం గాని, మనం వదిలించుకోవాలనుకున్నవి కూడా అప్పుడప్పుడు వాటి చేతికి తగులుతాయి.