బారు సైకిలు మీద నర్సమ్మ

డెబ్బైల మొదట్లో పామర్రు దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. నాలుగు ఊళ్ల పురుళ్లు నావే. కాలవగట్ల వెంట నడిచి తిరుగుతున్నానని పైఆఫీసువాళ్లు నాకోసం లేడీస్ సైకిలు పంపారు. సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఉండే బారు లేదు. చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల, చెయినుకు నిండు కవరు ఉన్నాయి. ఆడవాళ్లను తలుచుకుని బారు కిందికి వంచడానికి సైకిళ్లు చేసేవాళ్లకే బోలెడు కాలం పట్టిందని మా నాన్న అనేవారు. మా కేంద్రానికి ఇంకా ఆ తలపే రాలేదు.

గుమాస్తాగారు దాన్ని స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. ఆడమనిషి సైకిలెక్కితే కేంద్రం పరువు పోతుందన్నారు. సాయంత్రాలు ఆయనే దానిమీద ఇంటికి వెళ్లేవారు. ఆయన తొక్కితే పోని పరువు నేను తొక్కితే ఎలా పోతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఒక రైతు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. కోడలికి బిడ్డ కాళ్లు ముందు వస్తున్నాయనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ చెప్పాడు. నాలుగు మైళ్లు. గుమాస్తాగారు ఊళ్లో లేరు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. నన్ను ఎక్కించుకుని తొక్కే ఓపిక ఆ రైతుకి లేదు. అతని సైకిలు ఇమ్మన్నాను.

"బారు సైకిలండీ. చీరతో ఎలా తొక్కుతారు?"

"మీ కోడలు ఆగుతుందాండీ?"

పటమటలో మా నాన్న బారు సైకిలు మీదే నేర్చుకున్నాను. కుచ్చిళ్లు ఎత్తి దోపి, సంచి క్యారేజీకి కట్టి బయల్దేరాను. బిడ్డ నీలంగా పుట్టింది. నోట్లో గాలి ఊదితే కాసేపటికి ఏడ్చింది. తల్లీ దక్కింది.

మూడోరోజు పైఆఫీసు నుంచి మెమో వచ్చింది. చీర ఎగగట్టి మగవాళ్ల సైకిలు మీద తిరిగి అప్రతిష్ఠ తెచ్చానట, సంజాయిషీ ఇవ్వాలట. బిడ్డ గురించి అందులో ఒక్క ముక్క లేదు. నా ఒళ్లు మండింది. నాకు పంపిన సైకిలు ఎక్కడుందో, ఎవరు తొక్కుతున్నారో జవాబులో రాశాను. క్షమాపణ రాసిస్తే పోతుంది కదమ్మా అన్నారు మా కేంద్రం డాక్టరుగారు. రాయనన్నాను.

వారం తిరక్కుండా ఆ రైతు భార్య పదిమంది ఆడవాళ్లతో వచ్చింది. గుమాస్తాగారి బల్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా అంది.

"నర్సమ్మగారు నడిచొచ్చుంటే మా ఇంట్లో రెండు శవాలు లేచేవండి. ఆ తాళంచెవి ఇక్కడ పెట్టండి."

ఆయన పెట్టారు. అప్పటికే బ్రేకు రబ్బర్లు అరిగి, వల చిరిగిపోయింది. బాగుచేయించుకుని చాలా ఏళ్లు తొక్కాను. మెమోను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. రిటైరయ్యేదాకా అది నా సర్వీసు రిజిస్టరులోనే ఉంది.