చుక్కకు నేను చేసిన వైద్యం

గేదెకు విరేచనాలు ఎలా కట్టించాలో నాకు తెలుసు. కట్టిన తర్వాత ఏమవుతుందో మాత్రం అప్పటికి తెలియదు. ఆ తెలియనితనం మా వీధికి ఏం తెచ్చిపెట్టిందో చెబుతాను. అన్నం తింటూ చదివేవాళ్ళుంటే ముందు చెయ్యి కడుక్కుని రండి.

నాకప్పుడు కొత్తగా పెళ్ళైంది. బీ ఫార్మసీ చదివి, నరసరావుపేటలో ఒక మెడికల్ షాపులో పనిచేసేదాన్ని. బొల్లాపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్ళో అందరూ నన్ను "మందుల కోడలు" అనేవాళ్ళు. జలుబు చేసినా, నడుం పట్టినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ గౌరవం నా తలకెక్కి కూర్చుంది.

మా అత్తగారికి ఒక గేదె ఉంది. నుదుట తెల్లమచ్చ ఉండటంతో దాని పేరు చుక్క. ఇల్లు గడిచేది చాలావరకు దాని పాల మీదే. ఆవిడ చుక్కతో మాట్లాడినంత మెత్తగా మా మామగారితో కూడా మాట్లాడేవారు కాదు. అలాంటి గేదెను నాకు అప్పజెప్పి, ఒకరోజు సత్తెనపల్లిలో వాళ్ళ చెల్లెల్ని చూడటానికి వెళ్ళారు.

"చుక్క జాగ్రత్త అమ్మాయ్. అలవాటు లేంది ఏదీ పెట్టమాక."

"నేనుండగా మీకెందుకత్తమ్మా భయం?"

ఆ మాటకు చుక్క చెవులు ఊపింది. దానికి అప్పుడే అర్థమైనట్టుంది.

ఆ రోజే ఎదురింటి సుబ్బులు పిన్ని వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం పిన్ని బకెట్ నిండా మిగిలిన అన్నం పట్టుకొచ్చింది.

"పారేస్తే పాపమే అమ్మాయ్, చుక్కకి పెట్టు. బకెట్ నిదానంగా ఇద్దువుగానీ."

"ఉత్త బకెట్ ఇవ్వంలే పిన్నీ, అందులో ఏదో ఒకటి పెట్టే ఇస్తాం" అన్నాను. మావైపు ఇచ్చిపుచ్చుకునే గిన్నెలు ఖాళీగా వెనక్కి వెళ్ళవు.

చుక్క బకెట్ అడుగు దాకా నాకింది. మర్నాడు పొద్దున కొట్టంలో కాలు పెట్టే చోటు లేదు. అత్తగారు మధ్యాహ్నానికి వచ్చేస్తారు. పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యాలనే ఆలోచన రావడానికి నేను మామూలు కోడల్ని కాదు కదా, మందుల కోడల్ని. మనిషి బరువెంత, గేదె బరువెంత అని ఫోన్లో హెచ్చవేశాను. వచ్చిన అంకె చూసి కాస్త బెరుకుపుట్టింది గానీ, లెక్క ఎక్కడికి పోతుందని విరేచనాలు కట్టే మాత్రలు షీట్లకు షీట్లు నూరి బెల్లంలో కలిపాను. పిచ్చిది, నా అరచేతిలోంచే నాకి తిన్నది.

కాసేపటికి అంతా ఆగిపోయింది. నేను వీధిలోకొచ్చి నిలబడ్డాను.

"చూశావా పిన్నీ? ఒక్క డోసుకే."

"నీ చెయ్యి మంచిదే. మా కుక్కకీ నిన్నట్నుంచి అట్నే ఉంది. దానికీ ఓ రెండు పడెయ్ రాదూ?"

"అన్నం తిని ఇస్తాలే పిన్నీ."

కుక్క అదృష్టం బాగుంది. ఆలోపే మా అత్తగారు వచ్చారు. చంకలో సంచి దించకుండానే కొట్టం వైపు చూశారు.

"నెమరెయ్యట్లేదేందే ఇది?"

వెళ్ళి ఎడమ డొక్క మీద తట్టారు. డప్పులా మోగింది. జరిగింది చెప్పాను. ఆవిడ వెంటనే ఫోన్ తీసి పశువుల డాక్టరమ్మను పిలిచారు.

డాక్టరమ్మ వచ్చేసరికి వీధంతా మా వాకిట్లో ఉంది. "ఏం మందు పట్టారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అత్తగారు అందుకున్నారు.

"ఏం లేదమ్మా, నేనే కాస్త వాము నీళ్ళు పట్టా."

ప్రాణంలా పెంచుకున్న గేదె కళ్ళముందు ఉబ్బిపోతుంటే, ఆవిడ పదిమందిలో నా పరువు కాపాడుతున్నారు. అంత పెద్దమనసు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

డాక్టరమ్మ డొక్కకు స్టెతస్కోప్ ఆనించి విన్నారు. "వాము నీళ్ళకు పొట్ట ఇంతలా ఆగిపోదు. నిజం చెప్పకపోతే గేదె దక్కదు."

"నేనే పట్టానండీ" అని ఖాళీ షీట్లు ముందు పెట్టాను. వీధి మొత్తం మెడ చాచి చూసింది.

"లోపల అన్నం పులిసి విషమైతే, అదంతా బయటికి తోసుకుంటోందమ్మా గేదె. నువ్వెళ్ళి తలుపుకి గడియ పెట్టావు. మనుషుల మాత్ర లెక్కగట్టి పశువుకి పట్టకూడదు. కుక్కలకైనా అంతే, కొన్ని జాతులకు ఇది మెదడుకెక్కుతుంది. అడక్కుండా ఇవ్వద్దు."

సుబ్బులు పిన్ని కుక్కను ఎత్తుకుని వెనక్కి జరిగింది.

గొట్టం వేసి గాలి తీశారు, నూనె పోశారు, ఇంజెక్షన్లు చేశారు. తను చెప్పిందాకా పాలు వాడొద్దన్నారు. మెల్లగా నడిపించమన్నారు. అత్తగారు ముందు, నేను వెనక, మధ్యలో చుక్క. "నడువు తల్లీ, నడువు" అంటూ ఆవిడ దాన్ని బతిమాలుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. వీధి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాం. పొద్దు వాలుతుండగా, సుబ్బులు పిన్ని ఇంటిముందు, ఇంకా విప్పని షామియానా కింద, ఓణీల ఫంక్షన్‌కి వేసిన రంగుల ముగ్గు మీద చుక్క ఆగింది. తోక ఎత్తింది.

ముగ్గు పోయింది. చుక్క దక్కింది.

పిన్ని నోరు తెరిచేలోపే మా అత్తగారు అన్నారు, "ఏమే సుబ్బులూ, మేం తిరిగివ్వడం కాస్త ఆలస్యమైంది. ఉత్త బకెట్ ఇవ్వకూడదని ఆగాం."

ఇందుమూలంగా చుక్క నుదుటి మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాలుగు కాళ్ళున్న ఏ ప్రాణికీ డాక్టరు చెప్పనిదే మాత్ర విప్పను. ఆ ప్రమాణాన్ని చుక్క ఇప్పటికీ నమ్మలేదు. నేను బెల్లం పెట్టబోతే ముందు అత్తగారి వైపు చూస్తుంది. ఆవిడ తలూపితేనే నోరు తెరుస్తుంది. నేనూ అంతే.