ఎజెకియేరి వందనాలు

ఎజెకియేరికి తాగుడు లేదు, పొగాకు లేదు, ఒకరితో తగువు లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. కనబడ్డవాళ్ళందరికీ వందనాలు చెప్పడం. అది బాగా ముదిరిపోయింది. కిషాషా కొండ మీద దానికి మందు ఎవరి దగ్గరా లేదు.

మామూలు మనుషులు ఉపకారం పొందితే వందనాలు చెబుతారు. ఎజెకియేరి అంతవరకు ఆగడు. గట్టు మీద ఎదురైనవాడు పక్కకు తప్పుకుంటే దారి ఇచ్చినందుకు వందనాలు. తప్పుకోకపోతే నాలుగు మాటలు మాట్లాడే భాగ్యం కలిగించినందుకు వందనాలు. ఒకసారి మిసాకి ఎద్దు ఆయన్ని కుమ్మి గట్టు మీంచి కింది మడిలోకి విసిరేసింది. మర్నాడు ఆయన మూలుగుతూ, కుంటుకుంటూ మిసాకి ఇంటికి వెళ్ళాడు. మిసాకి తగువుకొచ్చాడనుకుని తలుపు వెనక నక్కాడు.

"మిసాకీ, బయటికి రావయ్యా. నీ ఎద్దుకి వందనాలు చెప్పి పోదామని వచ్చా."

"ఎద్దుకా?"

"మరే! ఎడమవైపు విసిరుంటే రాళ్ళ మీద పడి చచ్చేవాణ్ణి. కుడివైపు విసిరింది. మెత్తగా చిలగడదుంప తీగల మీద పడ్డా. బుద్ధున్న పశువయ్యా నీది."

ఎద్దుకి చెప్పాడు. ఎద్దును పెంచినందుకు మిసాకికి చెప్పాడు. ఆ తీగలు నాటినావిడ ఎవరో కనుక్కుని ఆమెకీ చెప్పాడు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలిపోయింది.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉండగా ఎజెకియేరి కొండచరియ మీంచి జారిపడి స్పృహ తప్పాడు. కిషాషా మీదికి బండిదారి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఊళ్ళో మగవాళ్ళు ఆయన్ని డోలీలో వేసుకుని, వంతులు మార్చుకుంటూ, రెండు కొండలు దాటించి ఆస్పత్రికి చేర్చారు. కళ్ళు తెరిచాక ఎవరెవరు మోశారని అడిగితే మోసినవాళ్ళకే సరిగ్గా గుర్తు లేదు. ఆయన ఆలోచించి, అందరికీ చెప్పుకుంటూ పోతే చేరాల్సినవాళ్ళకు అదే చేరుతుందని తేల్చుకున్నాడు.

"మోయించింది దేవుడే. కానీ ఆయన వాడుకున్న భుజాలు ఈ కొండవేగా?" అనేవాడు.

"నేనప్పటికి పుట్టనే లేదు పెదనాన్నా" అని ఎవరైనా తప్పించుకోబోతే, "మీ నాన్న పుట్టాడుగా, ఆయన తరఫున నువ్వు పుచ్చుకో" అని చెయ్యి పట్టుకునేవాడు.

ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ ఆయన లేచాడంటే ముసలివాళ్ళు చేతికర్రలు పక్కన పెట్టి గోడకు చేరగిలబడేవాళ్ళు. ఒకసారి ఆయన పొలంలో బంగాళాదుంపలన్నీ ఎవరో తవ్వుకుపోయారు. ఆ ఆదివారం లేచి చేతులు జోడించాడు.

"ఆ దొంగగారు ఎవరో గానీ, దుంపలు తీసుకుని నా పార మాత్రం ఉంచేశాడు. ఊరికే ఉంచలేదు, మట్టి కడిగి మరీ గోడకి ఆనించాడు. అంత శుభ్రమైన మనిషిని మన మధ్య ఉంచినందుకు దేవునికి స్తోత్రం. ఆయన ఇక్కడే ఉంటే ఆయనకీ వందనాలు."

వెనక బల్ల మీద ఒకాయనకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగకపోయేసరికి అయ్యగారు కీర్తన ఎత్తుకోమని సైగ చేశారు.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు ఎజెకియేరి చెల్లెలు జిపోరా మొగుడు ఫెస్తో. అతను డోలీ సంఘానికి పెద్ద. మంచి పనిమంతుడు, కోపిష్టి. నిప్పుల మీద నిలబడ్డట్టు ఎప్పుడూ తొందరే. ఆ కొండ మీద ఇంటికొక మగవాడు సంఘంలో ఉండి తీరాలి. గుడి అరుగు మీద కొమ్ము ఊదితే చేతిలో పని చేతిలోనే వదిలి రావాలి. రానివాడి పేరు కొట్టేస్తారు. పేరు పోయినవాడికి జబ్బు చేస్తే మోసే భుజం ఉండదు, చనిపోతే గొయ్యి తవ్వే చెయ్యి ఉండదు. అంతకు మించిన శిక్ష కిషాషాలో లేదు.

ఎజెకియేరి రాకపోవడమంటూ ఎప్పుడూ లేదు. కొమ్ము వినబడగానే అందరికంటే ముందు బయల్దేరేవాడు, అందరికంటే ఆఖర్న చేరేవాడు. దారిలో ఇళ్ళున్నాయి కదా మరి.

చేరాక ఇంకో ప్రమాదం ఉండేది. డోలీ ఎత్తేముందు ఎవరో ఒకరు ప్రార్థన చేయాలి. ఒకసారి తెలియక ఎజెకియేరికి అప్పగించారు. ఆయన డోలీ అల్లిన రెల్లు మొలిపించినందుకు మొదలుపెట్టి, అల్లిన చేతుల మీదుగా, బొంగులు కొట్టిన గొడ్డలి దాకా వచ్చేసరికి, కడుపునొప్పితో లోపల పడుకున్న మనిషి లేచి కూర్చుని, "నొప్పి తగ్గింది, నేను నడిచి పోతా" అన్నాడు. అది ప్రార్థన మహిమ అని ఎజెకియేరి అన్నాడు. విసుగు మహిమ అని ఫెస్తో అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన్ని ప్రార్థనకు పిలవలేదు.

ఆఖరికి ఒకనాడు ఫెస్తోకి సహనం చచ్చిపోయింది.

"చూడు బావా! ఇక ఒక్కసారి ఆలస్యంగా వచ్చావంటే నీ పేరు కొట్టించేస్తా. బావవని కూడా చూడను."

"ముందుగా చెప్పావు. చాలామంది చెప్పరు. నీకు వందనాలు ఫెస్తో."

"వందనాలు కాదు బావా, టైముకి రా!"

"వస్తా. ఇన్నాళ్ళూ ఓర్చుకున్నందుకు కూడా..."

ఫెస్తో రెండు చెవులూ మూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. లోపల జిపోరా పళ్ళెం ఎత్తేసింది.

"మా అన్నయ్య పేరు కొట్టిస్తావా? కొట్టించు. ఆ పూట నుంచి నీ దుంపలు నువ్వే ఉడికించుకో" అంది.

ఫెస్తోకి ఆ కొండ మీద ఇంకో తలనొప్పి ఉంది. కొండ కొమ్మున ఒంటరిగా ఉండే అతని మేనత్త ఎరీనా. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడంటే అతనికి ప్రాణం, ఆవిడ నోరంటే హడల్. వారం వారం ఎక్కి వెళ్ళేవాడు, వారం వారం తిట్లు తిని దిగేవాడు.

"అత్తా, ఒంట్లో ఎలా ఉంది?"

"ఏం, గొయ్యి తవ్వడానికి మనుషుల్ని పిలిచొచ్చావా?"

"అది కాదత్తా. వర్షాల్లో ఒక్కదానివీ ఎందుకు? మా ఇంటికొచ్చేయ్."

"నా ఇంటికి కాళ్ళు లేవు, అది రాలేదు. దాన్ని వదిలి నేను రాను. నీళ్ళు తెస్తా, కట్టెలు కొడతా అని ఆ బిందె ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది. నేనేం కుంటిదాన్నా? పో కిందికి!"

అదే ఇంటికి ఎజెకియేరి రోజు విడిచి రోజు ఎక్కిపోవడం కింద నుంచి ఫెస్తోకి కనబడేది. ఆ ముసల్దాన్ని కూడా ఈయన వదలడు కదా, వందనాలతోనే చంపేస్తాడు కదా అని పళ్ళు నూరుకునేవాడు.

వానాకాలంలో ఒక పొద్దున్న ఫెస్తో అరుగు మీద కూర్చుని పారకి కర్ర బిగిస్తున్నాడు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. పై నుంచి కాలిబాట వెంట ఎజెకియేరి దిగి వస్తున్నాడు. ఫెస్తో పార అక్కడే పడేసి లోపలికి దూరాడు.

"లేనని చెప్పు" అన్నాడు పెళ్ళాంతో.

తలుపు సందున నిలబడి ఆ గొంతు కోసం ఎదురు చూశాడు. అడుగులు దగ్గరకొచ్చాయి. గుమ్మం ముందు బురదలో టపటపా శబ్దం చేశాయి. ముందుకు వెళ్ళిపోయాయి. ఒక్క వందనం కూడా వినబడలేదు.

ఫెస్తో తల బయట పెట్టి చూశాడు. ఎజెకియేరి పరుగెడుతున్నాడు. చొక్కా మీద ఎప్పుడూ ఉండే కోటు లేదు. మిసాకి ఇల్లు దాటాడు, ఆగలేదు. అయ్యగారి ఇల్లు దాటాడు. అయ్యగారు గుమ్మంలోనే ఉండి, అలవాటు కొద్దీ "దానికేముందిలే ఎజెకియేరీ" అనేశారు కూడా. ఆయన తలైనా తిప్పలేదు.

మిసాకి వీధిలోకి ఉరికొచ్చాడు. "ఫెస్తో! మీ బావ నా గుమ్మం ముందు నుంచే పోయాడు. వందనం లేదు, గిందనం లేదు!"

"మా ఇల్లు కూడా అలాగే దాటేశాడు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఎవరికో ప్రాణం మీదికొచ్చింది" అన్నాడు మిసాకి.

ఆ పూట కొమ్ము ఊదనే లేదు. ఎజెకియేరి గుడి అరుగు చేరి ఊదడానికి ఊపిరి కోసం తన్నుకుంటుంటే, అప్పటికే సగం కొండ ఆయన వెనకే వచ్చి నిలబడింది. గుడి చూరుకి వేలాడే డోలీ కూడా దించేశారు.

"ఎవరు బావా?"

"ఎరీనమ్మ. వాకిట్లో జారింది. కాలు... వానలో తెల్లవారుజాము నుంచీ..."

తర్వాత కొండ ఎలా ఎక్కాడో ఫెస్తోకే తెలియదు.

ఎరీనా చూరు కింద గోడకు ఆనుకుని ఉంది. మీద ఎజెకియేరి కోటు కప్పి ఉంది. పెదాలు నల్లబడి వణుకుతున్నాయి. ఫెస్తో మోకాళ్ళ మీద కూలబడి "అత్తా" అన్నాడు. ఆవిడ కళ్ళు తెరిచింది గానీ తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం చూసి అతనికి ఏడుపు ఆగలేదు.

డోలీలో పడుకోబెట్టారు. ప్రార్థన చేయాలి. అందరి చూపూ ఫెస్తో మీదికి వెళ్ళింది. అతను ఏడుస్తూనే ఉన్నాడు. "బావా, నువ్వే చెయ్యి" అన్నాడు. మోతగాళ్ళు నిట్టూర్చి కాళ్ళు మార్చుకుని నిలబడ్డారు.

"ప్రభువా, మోయించు. ఆమెన్" అన్నాడు ఎజెకియేరి. ఆమెన్ వినబడే లోపే డోలీ లేచింది.

దారంతా జారుడు. మోసే వయసు దాటిన ఎజెకియేరి ముందు నడుస్తూ, అడుగు ఎక్కడ వెయ్యాలో చెబుతున్నాడు. వంపు దగ్గర ఒంటరిగా ఉండే అవిటి యోసాము దేక్కుంటూ గుమ్మంలోకి వచ్చి తన దుప్పటి డోలీలోకి విసిరాడు. ఇంకాస్త కింద, ఎవరితోనూ మాట్లాడని ఒక వితంతువు వేడి జొన్న అంబలి చెంబుతో ఎదురొచ్చి ఎరీనా నోట్లో పోసింది. ఇంకో ఇంట్లో కళ్ళు కనబడని ముసలాయన, జారకుండా పొయ్యిలో బూడిదంతా తెచ్చి దారిలో చల్లాడు. ఒకరి గడప ఒకరు తొక్కని ఈ మనుషులంతా ఒక్కసారిగా ఎలా కదిలారో ఫెస్తోకి అర్థం కాలేదు. అందరూ ముందు ఎజెకియేరి వైపు చూసి, తర్వాతే డోలీ వైపు చూస్తున్నారు.

ఆస్పత్రిలో నర్సు ఎరీనాని లోపలికి తీసుకెళ్ళింది. మోసినవాళ్ళంతా గోడవారగా కూలబడ్డారు. చాలాసేపటికి లోపల్నుంచి ఒక గొంతు వినబడింది.

"సూది గుచ్చడం ఇలాగేనా? మీ అమ్మ నీకు పని నేర్పలేదా?"

ఆ తిట్టు చెవిన పడగానే ఫెస్తోకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "బతికింది! మా అత్త బతికింది!" అని మిసాకిని వాటేసుకున్నాడు. మోతగాళ్ళు బురద చేతులతోనే ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. కాలు విరిగిందని, చలి ఒంట్లోకి దిగిందని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని, ఇప్పుడు భయం లేదని నర్సు వచ్చి చెప్పింది.

ఫెస్తో లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏడవకురా, మొహం చూడలేకుండా ఉన్నా" అంది ఎరీనా. "ఆ వెర్రి ఎజెకియేరి రాకపోతే నా పని అయిపోయేది."

"ఆయన నీ ఇంటికి అన్నిసార్లు ఎందుకొస్తాడత్తా?"

"వందనాలు చెప్పడానికట. ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో నేను అంబలి పోశానట, నాకు గుర్తే లేదు. ఒంట్లో ఎలా ఉందని అడిగుంటే నిన్ను తరిమినట్టే తరిమేదాన్ని. వందనాలు చెప్పడానికొచ్చినవాణ్ణి ఎలా తరుముతాం? కూర్చోబెట్టాలి. కూర్చున్నాక, 'ఆ అంబలికి బదులు రెండు కట్టెలు కొట్టిపోతానమ్మా' అంటాడు. ఒక బిందెడు నీళ్ళు తెచ్చిపోతాడు. ఒక్కసారి పోసిన అంబలికి ఎన్ని బిందెలు తెస్తాడురా వాడు?"

యోసాము, ఆ వితంతువు, కళ్ళు లేని ముసలాయన. ఎజెకియేరి గంటలు గంటలు నిలబడిపోయే గుమ్మాలన్నీ వరసగా ఫెస్తో కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కటి కూడా నిండు ఇల్లు కాదు. సాయం కావాలా అని అడిగితే మొహాన తలుపు వేసే ఇళ్ళే అన్నీ.

బయటికొచ్చాడు. ఎజెకియేరి బల్ల మీద కూర్చుని కాళ్ళకి అంటిన బురద పుల్లతో గీక్కుంటున్నాడు.

"బావా, ఆ ఇళ్ళకి ఎందుకు తిరుగుతావో ఇప్పుడు తెలిసింది. వందనాలన్నీ వంకే కదూ?"

"ఛఛ! వంకేంటి ఫెస్తో? నిజంగానే అంబలి పోసింది. దేవుడు నన్ను ఇంతమంది చేతుల మీదుగా బతికించాడు. ఆ చేతులు ఇప్పుడెలా ఉన్నాయో చూసుకోవద్దూ?"

"మరి నా ఇంటికెందుకు వచ్చేవాడివి? నాకు పెళ్ళాం ఉంది, పిల్లలున్నారు, ఒంట్లో రాయిలా ఉన్నా. నాకేం లోటని?"

ఎజెకియేరి పుల్ల పడేసి, తల గోక్కుని, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు.

"నువ్వు ఈ కొండ మీద అందర్నీ మోశావు. దించాక ఎవరైనా వందనాలు చెప్పబోతే, 'చాల్లే, పని చూసుకో' అని కసురుతావు. దాంతో నీకు చెప్పడమే మానేశారు. అన్నేళ్ళ మోతకి ఒక్కడైనా చెప్పకపోతే ఎలాగయ్యా? నేను చెబుదామని వస్తా. నువ్వు లోపలికి పోయి తలుపేసుకుంటావు. అసలు సంగతి ఇంతవరకు మొదలుపెట్టనే లేదు."

ఫెస్తో "చాల్లే" అనబోయి మానేశాడు. వెళ్ళి బల్ల మీద బావ పక్కన కూర్చున్నాడు.

"సరే, కానీయ్" అన్నాడు.

"ఇప్పుడా? కాస్త పొడుగు మరి."

"ఎంతసేపైనా పర్లేదు బావా. చెప్పు, వింటా."

ఎజెకియేరి గొంతు సవరించుకుని, అతని భుజం మీద చెయ్యి వేసి, మొట్టమొదటి నుంచి మొదలుపెట్టాడు.