నాన్న నటించిన సినిమా

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు పట్టుబట్టి ఏలూరులో కొత్తగా కట్టిన ఏసీ హాలుకి తీసుకెళితే, మూడు గంటల సేపు తెర మీద సముద్రాలు పొంగాయి, కొండలు కూలాయి, ఏనుగుల మంద ఆకాశంలోంచి ఊడిపడింది, నాకు మాత్రం ఆ నీళ్ళలో ఎక్కడా తడి కనబడలేదు. వయసు మీద పడి గొణుగుతున్నానని అనుకోకండి. ఈ గ్రాఫిక్సు మీద నా కోపం ఇవాళ్టిది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, శనివారం సాయంత్రం పాసింజరు బండిలో ఏలూరు, అక్కణ్ణించి బస్సులో కైకలూరు, ఆ పైన ఏ ఆటో దొరికితే ఆ ఆటోలో మా ఊరు చేరేదాన్ని. చుట్టుపక్కలంతా చేపల చెరువులు తవ్వేసినా మా ఊరి వైపు కాస్త కొల్లేరు ఇంకా కొల్లేరులాగే మిగిలి ఉండేది, అందులో మా నాన్న పడవ నడిపేవాడు. ఆ మిగిలిన నీళ్ళు చూసే హైదరాబాదు నుంచి సినిమా వాళ్ళు వచ్చారు. పడవవాడి వేషానికి వాళ్ళు తెచ్చుకున్న నటుడు పడవలో నిలబడబోయి రెండుసార్లు నీళ్ళలో పడేసరికి, ఒడ్డున నవ్వుతూ నిలబడ్డ మా నాన్నని డైరెక్టరు ఎగాదిగా చూసి, ఆ వేషం మీరే వేయండి అన్నాడట.

అమ్మ సంబరం చెప్పనలవి కాదు. కైకలూరు వెళ్ళి ఆకుపచ్చ చొక్కా కొనుక్కొచ్చి తొడిగి పంపితే, అక్కడ బట్టలిచ్చే కుర్రాడు నెత్తి కొట్టుకుని, "బాబాయ్ గారూ, ఈ రంగు వేసుకుంటే కంప్యూటర్లో మీరు మాయమైపోతారండీ" అని చిరుగుల బనీను ఇచ్చాడు. గట్టు పొడుగునా వాళ్ళు కట్టింది కూడా అదే రంగు గుడ్డ. ఇంత దూరం కొల్లేరు కోసం వచ్చి, వచ్చాక కొల్లేరు కనబడకుండా గుడ్డ కట్టుకోవడం ఏం తెలివో నాన్నకి అంతుపట్టలేదు, కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేవాడు. ముఖం దగ్గరగా తీశారని, తెరంతా తానే ఉంటాడని చెప్పేటప్పుడు మాత్రం సిగ్గుపడేవాడు.

సినిమా రాకుండానే, ఆ వానాకాలం జ్వరంతో ఏలూరు ఆసుపత్రిలో నాన్న పోయాడు. పటం కట్టించడానికి ఇంట్లో ఫోటో లేదు. ఉన్నదల్లా రేషన్ కార్డు మీది గోరంత బొమ్మ, అందులోనూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఓదార్చడానికి వచ్చిన వాళ్ళందరికీ అమ్మ ఒకటే మాట చెప్పేది, సినిమాలో ఉన్నారు కదా, చూసుకుంటాను అని. నేను శనివారం ఇంటికి వెళ్ళగానే ముందు అడిగేది కూడా అదే, బొమ్మ వచ్చిందా అని. తాడేపల్లిగూడెంలో గోడల మీద పోస్టర్లు చూస్తూ నడవడం అప్పుడే నాకు అలవాటైంది.

చివరికి వచ్చింది. చేపల లోడు దించేసిన వ్యానులో మా వీధి వీధంతా ఎక్కి ఏలూరు వెళితే, హాల్లో పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. అమ్మ ఎవరి మాటా వినకుండా, బాగా కనబడుతుందని అన్నిటికన్నా ముందు వరుసలో కూర్చుంది.

పడవ సీను వచ్చింది. కొల్లేరు లేదు, దాని చోట తాటిచెట్టంత కెరటాలతో నీలం సముద్రం ఉంది. పడవలో కండలు తిరిగిన నున్నటి బొమ్మ ఒకటి గెడ వేస్తోంది. జనం ఈలలు వేశారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈయన మీ నాన్న కాదే. మీ నాన్న ఎప్పుడూ ఎడం పక్కనే గెడేస్తారు."

ఇంకో సీనులో వస్తాడని ఆఖరి దాకా చూసింది. దీపాలు వెలిగాక కూడా లేవలేదు. "మలి ఆటలో చూపిస్తారేమో కనుక్కోమ్మా" అంది. 

మర్నాడు, ఆ షూటింగుకి పడవలు కుదిర్చిన ఏలూరు ఆయనకి ఫోను చేశాను. మంచి మనిషి, పాపం, హైదరాబాదు వాళ్ళని కనుక్కుని మళ్ళీ మాట్లాడాడు. "గాలి సరిగ్గా కుదర్లేదని అదంతా తీసేసి గ్రాఫిక్సులో చేయించారండీ. వాడనిది దాచరంటండీ. అయినా ఇంకా బాగా వచ్చింది కదండీ?" అన్నాడు. ఎవరూ దుర్మార్గులు కారు, ఎవరితో పోట్లాడాలో నాకు తెలియలేదు.

మన చిన్నప్పటి సినిమాల్లో గాలిలో తేలే దేవుడికి కట్టిన తీగ కనబడేది, అట్టమబ్బులు ఊగేవి, మనం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ తీగకి వేలాడింది ఒక మనిషి, వాడు ఇంటికి వెళ్ళి భార్యాపిల్లలకి చెప్పుకోవడానికి తెర మీద వాడి ముఖం మిగిలేది. ఇప్పటి సినిమాల చివర పరుగులు తీసే వందల పేర్లు చూస్తూ, వీళ్ళంతా కలిసి ఎవరెవరిని తుడిచేశారో అనుకుంటాను. నేననుకుంటే ఆగేది ఏముంది, ఈ గ్రాఫిక్సు ఇంకా పెరుగుతుంది.

అమ్మ ఆ తర్వాత ఏ సినిమాకీ రాలేదు. పోయే ముందు ఏడాది, ఆయన ముఖం జ్ఞాపకం రావడం లేదని చంటిపిల్లలా ఏడ్చేది. ఎలా ఉండేవారో చెప్పమని నన్ను అడిగేది. కోటేరు ముక్కు, తెల్లబడ్డ కనుబొమలు అంటూ ఏవో చెప్పేదాన్ని గాని, ఆ మాటలు చెబుతూ నేను కళ్ళు మూసుకుంటే పడవలో నిలబడి కనబడేది ఆ నున్నటి బొమ్మే. ఇప్పటికీ అదే కనబడుతోంది, ఎంత తోసినా పక్కకి జరగదు.