ఉత్తరపు మూలలో నాలుగో చప్పుడు

గుర్రాన్ని పరిగెత్తించడం ఎవరైనా నేర్పుతారు. పరిగెత్తనీయకుండా, అలాగని ఆగిపోనీయకుండా, పైనున్న మనిషికి కునుకు పట్టేంత మెత్తగా దౌడు తీయించడం మాత్రం డ్రై ఫోర్క్ ఊరి చుట్టుపక్కల వెర్లిన్ టకెట్‌కే తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆయన బడి బస్సు కూడా అలాగే నడిపాడు. పిల్లలు రోజూ ఆలస్యంగానే బడికి చేరేవారు గానీ, ఆ గతుకుల రోడ్డు మీద ఒక్కడికీ నుదురు బొప్పి కట్టలేదు.

ఆయన పట్టుకున్న విద్య పేరు వెస్టర్న్ ప్లెజర్. ఈ పోటీలో ఎవరు ముందు వచ్చారన్న ప్రశ్నే ఉండదు. పది పదిహేను గుర్రాలు కంచె వెంబడి తిరుగుతుంటాయి. జడ్జి మధ్యలో నిలబడి, వీటిలో దేని మీద ఎక్కితే ప్రాణానికి హాయిగా ఉంటుందా అని చూస్తాడు. పగ్గం వదులుగా వేలాడాలి, తల వెన్నుకు సమంగా ఉండాలి, రౌతు ఊరికే కూర్చున్నట్టుండాలి. అలా ఊరికే కూర్చున్నట్టు కనబడటానికి రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకోవాలి.

1996 ఏప్రిల్ నాటికి వెర్లిన్‌కు డెబ్బై ఒకటి. తుంటి ఎముక తీయించి ఇనుపది పెట్టించుకుని రెండేళ్ళయింది. అప్పటినుంచి జనం ఆయన్ని పలకరించడం మానలేదు గానీ, గుర్రాలను పంపడం మానేశారు. ఎనిమిది గదుల కొట్టంలో ఏడు ఖాళీ. ఎనిమిదో గదిలో మొలాసిస్ ఉంది. మూడేళ్ళ ఎర్ర ఆడగుర్రం, నుదుట చిక్కుడుగింజంత తెల్లమచ్చ. బెల్లప్పాకం అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టింది దాని యజమానురాలు లవీటా. బడి వంటశాలలో వంట చేస్తుంది. చిన్నప్పుడు వెర్లిన్ బస్సులోనే బడికి వెళ్ళింది కాబట్టి ఆయన్ని ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తుంది. సెప్టెంబరులో కౌంటీ సంతలో జరిగే పోటీలో తన గుర్రం మీద వెర్లిన్ కూర్చుని కంచె చుట్టూ తిరుగుతుంటే చూడాలని ఆవిడ కోరిక.

మొలాసిస్ బంగారం లాంటి గుర్రం. నడక, చిన్న పరుగు, మెల్లని దౌడు, మూడూ వచ్చేశాయి. నోటితో అదిలించనక్కర్లేదు, పగ్గం లాగనక్కర్లేదు. వెర్లిన్ నడుము కాస్త బిగించి జీనులోకి దిగబడితే చాలు, ఆగమన్నాడని తెలుసుకునేది. అయితే కంచె కట్టిన రింగులో ఉత్తరపు మూలకు రాగానే దానికి ఏదో అయ్యేది. వీపు బిగుసుకునేది, కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడేవి, దౌడు విరిగి చిన్న పరుగులోకి జారిపోయేది. ఇరవై అడుగులు దాటాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు దౌడు అందుకునేది.

వెర్లిన్‌కు కోపం రాలేదు. ఆయన కోపమంతా మనుషులకే సరిపోతుంది. గుర్రం తప్పు చేస్తే ఆయనలో లేచేది ఆరా. ఇదెందుకిలా చేస్తోంది అనే పురుగు ఒకసారి దొలిచిందంటే తిండి కూడా సహించదు. ఇనుప తుంటితో ఆ మూలలో మోకాళ్ళ మీద కూలబడి, గుర్రం కంటి ఎత్తుకు తల పెట్టి చూశాడు. కంచె గుంజల్ని వాసన చూశాడు. పలకలు మార్చాడు. నేల తవ్వి, జల్లించి, మళ్ళీ పరిచాడు. టోపీ మార్చాడు. ఎదురు దిక్కున తిప్పాడు. దాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు వెనక రోజూ రాసుకున్నాడు: గాలి ఎటునుంచి, ఎండ ఎంత, దౌడు విరిగిందా లేదా. ఇరవై మూడు రోజులు వరసగా విరిగింది.

లవీటా మంచిదే గానీ మెతకది కాదు. మూడు వందల మంది పిల్లలకు వడ్డించే మనిషి మెతకగా ఉంటే కుదరదు.

"శనివారం బండికి గుర్రం ట్రైలర్ తగిలించుకునే వస్తా బాబాయ్," అంది. "ఆ మూల దాటిందంటే ఖాళీ ట్రైలరే వెనక్కి తీసుకుపోతా. దాటలేదంటే మాత్రం పట్నంలో కొత్తగా వచ్చిన ట్రైనర్ దగ్గర దింపుతా. ఏమనుకోకు."

"అనుకోవడానికేముందమ్మా, గుర్రం నీది," అన్నాడు వెర్లిన్. ఆ రాత్రి మజ్జిగలో ముంచుకున్న మొక్కజొన్న రొట్టె తినకుండానే పక్కన పెట్టాడు. మొలాసిస్ వెళ్ళిపోతే కొట్టం మొత్తం ఖాళీ. ఆ తరవాత పొద్దున లేచి బూట్లు తొడుక్కోవడానికి ఆయనకు ఒక్క కారణమూ మిగలదు.

గురువారం దట్టంగా పొగమంచు పట్టింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడటం లేదు. అయినా ఊరుకోలేక జీను వేశాడు. ఆ మంచులో మొలాసిస్ ఉత్తరపు మూలను ఆరుసార్లు దాటింది. ఒక్కసారి కూడా దౌడు విరగలేదు.

వెర్లిన్ దిగి, గుర్రం మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఆలోచించాడు. మంచు పట్టనప్పుడు కనబడేది, పట్టినప్పుడు కనబడనిది ఏదో ఆ పక్కన ఉండాలి. కంచెకు అవతల నలభై అడుగుల పచ్చిక, దాని వెనక ఒక టమాటా తోట, పిట్టల్ని తోలడానికి తాళ్ళకు కట్టిన రేకు పళ్ళేలు. ఎండలో తళతళలాడుతూ తిరుగుతుంటాయి. దొంగ దొరికాడనుకున్నాడు. కాకపోతే ఆ తోట వెనక ఇల్లు ఆయన తమ్ముడు డోయల్‌ది. డోయల్‌తో ఆయనకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

అన్నదమ్ములిద్దరికీ గుర్రాల పని నేర్పింది తండ్రే. ఇద్దర్నీ కంచె మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని డెక్కల చప్పుడు లెక్కపెట్టమనేవాడు. మెల్లని దౌడులో ఒక్కో అంగకు మూడు చప్పుళ్ళు రావాలి. గుర్రాన్ని మరీ అణచి లాగితే అది మూడులో ఇమడలేక నాలుగు కొడుతుంది. వెర్లిన్ అప్పుడప్పుడు తప్పేవాడు. డోయల్ ఎప్పుడూ తప్పలేదు.

తొమ్మిదేళ్ళ కిందట కౌంటీ సంతలో జడ్జిగా రావలసినాయనకు ఉన్నట్టుండి జబ్బు చేస్తే, డోయల్‌ను పట్టుకొచ్చి మధ్యలో నిలబెట్టారు. ఆ ఏడు వెర్లిన్ గుర్రం తల మోకాళ్ళ దాకా వేలాడేసి, పాకుతున్నంత నిదానంగా తిరిగింది. అప్పట్లో అదే ఫ్యాషన్. తమ్ముడు జడ్జి కదా, అన్నకే మొదటి బహుమతి రిబ్బను అని అంతా అనుకున్నారు. డోయల్ నాలుగో స్థానం ఇచ్చాడు. పైగా మైకు పక్కనే నిలబడి, "ఈ గుర్రం మీద కూర్చోవడం హాయేమోగానీ ఈ గుర్రంగా ఉండటం హాయి కాదు," అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆ రోజునుంచి వెర్లిన్ దగ్గర ఎవరూ డోయల్ పేరెత్తకూడదు. ఒకసారి కాఫీ హోటల్లో వడ్డించే ఓపల్, "మీ తమ్ముడికి ఈ మధ్య..." అని మొదలుపెట్టిందో లేదో, సగం తిన్న ఆపిల్ 'పై' ముక్కను పళ్ళెంలో వదిలేసి టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

అయినా డోయల్ రోజూ పొద్దున్నే వరండాలో ఊగుడు కుర్చీ వేసుకుని ఇటు తిరిగి కూర్చునేవాడు. వెర్లిన్ ఆ కుర్చీ వైపు ఎప్పుడూ చూడలేదు. చూడకపోయినా అక్కడ ఉందని ఆయనకు ఒక్క క్షణం కూడా మరుపు లేదు.

శుక్రవారం పొద్దున ఆయన కంచె దాటి, పచ్చిక దాటి, తమ్ముడి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ఎవరది?" అన్నాడు డోయల్.

పది అడుగులు కూడా లేదు మధ్య దూరం. వెర్లిన్‌కు ఒళ్ళు మండింది. "తొమ్మిదేళ్ళకి గుమ్మం ఎక్కితే ఎవరది అంటావా? బాగానే ఉంది మర్యాద."

ఊగుతున్న కుర్చీ ఆగింది. "అన్నా," అన్నాడు డోయల్. తరవాత, "కుడికాలు ఈడుస్తున్నావేంటి?"

"ఇనుప తుంటి. నీకెందుకు? నీతో మాట్లాడ్డానికి రాలేదు నేను."

"సరే, మాట్లాడకుండానే చెప్పు."

"నీ టమాటా తోటలో రేకు పళ్ళేలున్నాయి చూడు. వాటి మెరుపుకి నా గుర్రం బెదురుతోంది. విప్పెయ్."

"నువ్వే విప్పుకో. ఓపల్ వచ్చి కట్టిపోయింది. ఎక్కడెక్కడ కట్టిందో నాకేం తెలుసు," అన్నాడు డోయల్. "ఎలాగూ వచ్చావు, కాఫీ తాగిపో."

వద్దని చెప్పడానికి వెర్లిన్ నోరు తెరిచాడు. అప్పటికే డోయల్ బల్ల మీద తడిమి కప్పు అందుకున్నాడు. చూపుడువేలు కప్పు లోపలికి వంచి, కాఫీ ఆ వేలికి తగిలేదాకా పోశాడు.

"వేలు కాలదట్రా?" అన్నాడు వెర్లిన్.

"కాలితేనేగా నిండిందని తెలిసేది."

వెర్లిన్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఎన్నాళ్ళయింది?"

"అక్షరాలు పోయి ఆరేళ్ళు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడక నాలుగేళ్ళు. పక్కల్లో కాస్త మసక మిగిలింది, కోళ్ళనీ కుక్కల్నీ తప్పించుకోడానికి సరిపోతుంది."

"నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా?"

సగం వదిలేసిన ఆపిల్ 'పై' ముక్క గుర్తొచ్చి వెర్లిన్ తల దించుకున్నాడు. మళ్ళీ అడిగాడు, "మరి రోజూ పొద్దున్నే ఇటు తిరిగి కూర్చుని ఏం చూస్తుంటావురా?"

"చూసేదేముందన్నా, వింటాను. మూడు, మూడు, మూడు. మంచి గుర్రం అది. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు. నా ఎదురుగా ఉన్న మూలకి రాగానే మాత్రం నాలుగు పడి దౌడు విరుగుతుంది. నాకూ నెలరోజులుగా అదే ఆలోచన. అక్కడికి రాగానే నువ్వేం చేస్తావు?"

"నేనా? నేనేం చేస్తాను," అన్నాడు వెర్లిన్. ఆ మాట అంటూనే తన పొట్ట వైపు చూసుకున్నాడు. తమ్ముడి ఎదురుగా కూర్చున్నాడేమో, పొట్ట లోపలికి పీల్చుకుని, వెన్ను కర్రలా నిటారుగా పెట్టుకుని, నడుము బిగించి ఉన్నాడు. జీను మీదైతే, నడుము అలా బిగిస్తే దాని అర్థం ఆగమని. పాత గుర్రాలకు పగ్గంతోనే చెప్పేవాడు; ఆ అర్థం మొలాసిస్‌కు నేర్పింది తనే.

తొమ్మిదేళ్ళుగా ఆ మూల దాటిన ప్రతిసారీ ఆయన వరండాలోని జడ్జి కోసం నిటారుగా కూర్చున్నాడు. ఆ జడ్జికి మనిషి కనబడక నాలుగేళ్ళయింది. గుర్రం ఒక్కరోజు కూడా తప్పు చేయలేదు, ఆయన అడిగినట్టే చేసింది. మంచులో వరండా కనబడలేదు కాబట్టి ఆయనే అడగడం మరిచిపోయాడు. వెర్లిన్‌కు సిగ్గేసింది, నవ్వొచ్చింది. పళ్ళేలు విప్పకుండానే ఇంటికి పోయాడు.

జబ్బు తెలిసినంత మాత్రాన కుదిరిపోతుందా? శనివారం లవీటా ట్రైలర్‌తో వచ్చి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కంచెకు ఆనుకుని నిలబడింది. వెర్లిన్ దౌడు అందుకున్నాడు. పొట్ట వదులు చేసుకోవాలి, వదులు చేసుకోవాలి అనుకుంటూ మూలకు వచ్చాడు. అనుకున్నకొద్దీ అది బిగుసుకుంది. మొలాసిస్ వీపు గట్టిపడింది, దౌడు విరిగిపోయింది.

"అంతేనా బాబాయ్," అంది లవీటా. నోట్లోని పొట్టు ఊసి, ట్రైలర్ తలుపు గడియ తీయడానికి నడిచింది.

"నాలుగు," అని మూలలోంచి ఒక గొంతు వినబడింది.

డోయల్ తన తోట కంచె తీగ పట్టుకుని తడుముకుంటూ వచ్చి, కంచెకు అవతల బోర్లించిన బాల్చీ మీద కూర్చుని ఉన్నాడు. వెర్లిన్ గుర్రాన్ని అతని ముందుకు నడిపించి ఆపాడు.

"డోయల్, ఆ సంతరోజు నా గుర్రం కొట్టింది నాలుగేరా. ఇంటికొచ్చి రింగులో ఒంటరిగా తిప్పి విన్నాను. నాకు ఆ రాత్రే తెలుసు."

డోయల్ మొహం తుడుచుకున్నాడు. "నేనూ మైకు పక్కన నోరు మూసుకోవాల్సింది," అన్నాడు. "పోయి తిప్పు. ఆ గుర్రం నిలబడి చలికి గడ్డకట్టుకుపోతుంది."

"ఏప్రిల్‌లో చలేంట్రా."

"పోతావా లేదా?"

వెర్లిన్ గుర్రాన్ని మళ్ళించాడు. ముందు నడక, తరవాత చిన్న పరుగు, తరవాత దౌడు. లవీటా గడియ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఉత్తరపు మూల దగ్గరికొచ్చేసరికి వెర్లిన్ పొట్ట సంచిలా జారి బెల్టు మీద పడి ఉంది. దాన్ని లోపలికి లాక్కోవాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. పగ్గం వదులుగా ఊగింది. మొలాసిస్ డోయల్ పక్కగా మెత్తగా దాటిపోయింది. మళ్ళీ తిరిగి వచ్చింది, మళ్ళీ దాటింది. మూడోసారి కూడా దాటాక వెర్లిన్ వచ్చి తమ్ముడి ముందు ఆపాడు.

"ఏరా, లెక్క మానేశావా?"

"మూడు దగ్గరే ఆగిపోయిందన్నా. లెక్కపెట్టడానికేం మిగిలింది?"

"అయితే ఎన్నో ప్లేసు ఇస్తావు?"

డోయల్ గడ్డం గోక్కున్నాడు. "పోటీలో ఉన్నది ఒక్క గుర్రమే కదా. అయినా కాస్త ఆలోచించుకోనీ."

వెర్లిన్ పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వుకు కదిలినా మొలాసిస్ కదలలేదు.

లవీటా గడియ మళ్ళీ వేసింది. "సెప్టెంబరులో కలుద్దాం బాబాయ్," అని బండెక్కింది. ఖాళీ ట్రైలర్ గతుకుల్లో గడగడలాడుతూ దూరమైపోతుంటే, వెర్లిన్ జీను దిగి కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కనుంచి, కళ్ళు మూసుకుని, అది వినబడనంత దూరం పోయేదాకా ఆ చప్పుడు విన్నారు.