సవుటికుంటలో లేని పడుగు

నాకు దయ్యాలంటే భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇదంతా విన్నాక "పాపం, జడుసుకున్నట్టుంది" అనేవాళ్లంటే నాకు మంట. పెళ్లి ఫోటోలు తీసి బతికేదాన్ని. ముహూర్తాలు ముగిసేసరికి ఎంత రాత్రయినా పొలాల మధ్య నుంచి కోరుట్లకు స్కూటీ మీద ఒక్కదాన్నే వస్తాను. ఫలానా చింతచెట్టు కింద ఏదో ఉందని ఎవరైనా చెప్తే, పంతానికి అక్కడే ఆగి నీళ్లు తాగుతాను. ఇన్నేళ్లలో ఒక్క దయ్యమూ రాలేదు. కుక్కలొచ్చాయి.

మాది సిరిసిల్లలో నేత కుటుంబం. మా అన్న ఇప్పుడు పవర్లూమ్‌లు నడుపుతాడు. మా ఆయన రమేశ్‌ది ధర్మపురి వైపు వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్తాడు. ఇద్దరం ఒక కాలేజీలో చదువుకున్నాం కాబట్టి పేరు పెట్టే పిలుస్తాను. మా వదినెకు అది ఇప్పటికీ గొంతు దిగదు.

కొడిమ్యాల దాటాక, వేములవాడ వెళ్లే దారికి కాస్త లోపలగా ఒక కుంట ఉంది. చుట్టుపక్కల వాళ్లు సవుటికుంట అంటారు. నీళ్లు నోట పెట్టలేం, అంత ఉప్పు. బట్టలుతకడానికీ, నూలు ఉడకబెట్టడానికీ పూర్వం అక్కడి సవుడు మన్నే తవ్వుకుని పోయేవాళ్లట. ఎండాకాలం నీళ్లు ఇగిరిపోగానే కుంటలోని రాళ్లన్నిటికీ ఉప్పు పూస్తుంది. మామూలు పూత కాదు. ఒక రాయి మీద గోబిపువ్వులా గుత్తులు, ఒకదానికి చూరు నుంచి కారి గడ్డకట్టినట్టు ధారలు, ఇంకోదానికి పళ్ల వరుస. ఒక పెళ్లికి పోతూ దారి తప్పి ఆ కుంట చూశాను. ఆ రోజు పెళ్లికూతురి మొహం సరిగ్గా తీశానో లేదో కూడా గుర్తు లేదు.

జగిత్యాలలో కొందరు కలిసి ఫోటోల ప్రదర్శన పెడుతూ నాకు ఒక గోడ ఇస్తామన్నారు. పందిరి, పూలదండ, తలంబ్రాలు లేని ఫోటోలు నా పేరుతో గోడకెక్కడం అదే మొదటిసారి. దాదాపు అన్నీ తీశాను. కుంట నడుమ నిలబడ్డ పెద్ద రాయి ఒక్కటే మిగిలింది. ఒక్క వాన పడితే ఆ పూలన్నీ కరిగిపోతాయి. వచ్చే ఏడాదికి ఆగుదామంటే, కుంటను క్వారీ మట్టితో పూడుస్తారని మాట నడుస్తోంది. అందుకే ఆ ఆదివారం మబ్బు పట్టకముందే పొద్దున బయల్దేరాం.

రమేశ్ బ్యాగు పట్టుకుని గట్టు మీద ఉండిపోయాడు. నేను ట్రైపాడ్ భుజాన వేసుకుని నడిమి రాయి వైపు నేరుగా నడిచాను. మంచి ఎండ. కాళ్ల కింద ఉప్పు పెచ్చు అప్పడంలా పటపటమంటోంది. రాయి ఇంకా నాలుగైదడుగుల దూరంలో ఉందనగా మోకాలి కింద ఏదో అడ్డం తగిలింది. బిగించి కట్టిన దారాలు బట్టకు ఆనుకున్నట్టు, మెత్తగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు మా తాత ఇంటి ముందు తెల్లారగానే వీధి పొడవునా పడుగు సాగదీసేవాళ్లు. బట్టకు నిలువునా వచ్చే దారాలన్నిటినీ కర్రల మీద మోకాలెత్తున బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్లు. బడి గంట కొట్టినా సరే, పడుగును దాటకూడదు. ఆ చివరిదాకా పోయి చుట్టు తిరిగి రావాల్సిందే. దాటామా, తాత చేతిలోని కుంచె వీపు మీద పడేది. నేత వాడల్లో పెరిగిన పిల్లలకు ఈ అలవాటు కాళ్లకే పట్టుకుంటుంది.

నేనూ అదే చేశాను. అడ్డం ఉంది, తిరిగి పోవాలి, అంతే. ఉప్పుకుంటలో పడుగేమిటన్న ఆలోచనే రాలేదు. ఏ లెన్సు పెట్టాలా అని మనసులో లెక్కలేసుకుంటూ పక్కకు తిరిగి చాలా దూరం నడిచి, చివర మలుపు తిరిగి, రాయి దగ్గరికి చేరాను.

గట్టు మీది నుంచి రమేశ్ అరిచాడు. "ఏయ్ లతా, గట్లెందుకు తిరుగుతున్నవ్? సీదా పోరాదు?"

"అడ్డం ఉంది కదా," అన్నాను.

"ఏం అడ్డం? ఏం లేదు గక్కడ!"

నవ్వుకుంటూ బ్యాగు తీసుకుని నేరుగా నా వైపు వచ్చాడు. ఎక్కడైతే నేను పక్కకు తిరిగానో, అది దాటగానే పెచ్చు విరిగింది. చూస్తుండగానే, చేతిలోని బ్యాగు నా వైపు విసిరేసి, నడుము దాకా దిగబడ్డాడు. కాళ్లు ఆడించిన కొద్దీ ఇంకా దిగుతున్నాడు. నల్లటి బురద ఛాతీ దాకా వచ్చింది.

"కాళ్లు కదిలియ్యకు! ముందటికి వంగు, గిది పట్టుకో!" అని ట్రైపాడ్ చాచి, రాయికి వీపు ఆనించి లాగాను. నా వెనక ఆ ఉప్పుపూలు పటుక్కున విరుగుతున్నాయి. వాటి కోసమే వచ్చినదాన్ని, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఈ మనిషి నా కళ్ల ముందే పోతున్నాడని ఏడుస్తూ లాగాను. ఎంతసేపో తెలియదు. చెప్పులు లోపలే వదిలేసి బయటపడ్డాడు. ఇద్దరం రాయికి ఆనుకుని కూర్చుంటే రమేశ్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, అంత ఎండలో.

మేకలు కాసుకునేవాళ్లు తర్వాత చెప్పారు, అక్కడ పాత సవుటి గుంత ఉందని. తవ్వుకుని వదిలేస్తే పైన పెచ్చు కట్టిందట.

ఇంటికొచ్చాక చూసుకున్నాను. నా నల్ల ప్యాంటు మీద, రెండు కాళ్లకూ మోకాలి కింద ఒకే ఎత్తున, తెల్లటి ఉప్పు గీత. స్కేలు పెట్టి గీసినట్టుంది. ఉతక్కముందే దానికి ఫోటో తీశాను, ఇప్పటికీ ఉంది. కూర్చున్నప్పుడు అంటి ఉంటుందంటారేమో. కూర్చున్న మరక పరుచుకుంటుంది, గీతలా పడదు. బట్టల మీది మరకలు ఫోటోల్లో చెరిపి చెరిపి ఆ మాత్రం నాకు తెలుసు.

మేమిద్దరం వాదించుకున్నాం. పెచ్చు రంగు అక్కడ తేడాగా ఉండి నా కన్ను పట్టేసి ఉంటుందని రమేశ్ అన్నాడు. నాకూ అదే సబబు అనిపించింది. కుంటలోకి దిగకముందు గట్టు మీది నుంచి తీసిన ఫోటోలు పెద్దవి చేసి చూశాం. అంతా ఒకటే తెలుపు. గుంత ఎక్కడుందో తెలిసీ మేం గుర్తుపట్టలేకపోయాం. ల్యాప్‌టాప్ మూసేసి, "ఫిజిక్స్‌ల గీ లెక్క లేదు," అని పడుకున్నాడు.

సిరిసిల్ల పోతే మా వదినె పట్టుకుంది. "యేములాడ రాజన్నకు కోడె కడుతనని మొక్కుకో లతా. ఇగ ఆ కుంట దిక్కు పోకు."

"కోడెను కడితే గుంత పూడుతదా వదినె?" అన్నాను.

"ఇది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు," అన్నాడు మా అన్న.

అవును, మూడే. మరుసటి ఆదివారం మళ్లీ పోయాను. మొదట రానన్న రమేశ్, చివరికి తాడు పట్టుకుని వెంట వచ్చాడు. వెదురుకర్రతో అడుగడుగూ పొడుచుకుంటూ, కావాలనే ఆ చోటికి నేరుగా నడిచాను. ఆపేదేదైనా ఉంటే ఆపమని పైకే అన్నాను. ఏదీ తగల్లేదు. కర్ర మాత్రం నా చేతిదాకా దిగిపోయింది. ఒక పక్క పూలు విరిగిన ఆ రాయికి అలాగే ఫోటో తీశాను. జగిత్యాలలో నా గోడ మీద అందరూ ఆగి చూసింది దాన్నే.

ప్రదర్శన అయ్యాక అమ్మను చూడటానికి పోయాను. ఇంట్లో అందరూ తలా ఒక మాట అన్నా, అమ్మ ఒక్కతే అప్పటిదాకా ఏమీ అనలేదు. టవళ్లు మడతపెడుతూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని మడతపెడుతున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏ రంగు పడుగు, బిడ్డా?"

"ఎర్రంచుది," అన్నాను.

అమ్మ చేతిలో టవలు ఆగిపోయింది. కాలికి తగిలింది తప్ప కంటికి ఏదీ కనపడలేదని అందరికీ చెప్తూ వచ్చాను. అది నిజం. ఆ రోజు నేను ఏ పడుగూ చూడలేదు.

దయ్యాలు లేవు. ఎవరొచ్చినా వాదిస్తాను, గెలుస్తాను కూడా. ఆ రంగు నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగకండి. నాకు తెలియదు.