తాంబాళం కింద అణిగిన మంట

తమిళ నెల పెరటాసిలో ఒక శనివారం వడమాలపేటలోని మా ఇంట్లో సామికి నైవేద్యాలు పరిచి తళిగ వేస్తాం. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దకు గుంట చేసి, తాంబాళంలో పెట్టి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తాం. ఆ పిండి దీపం తనంతట తాను కొండెక్కేదాకా ఎవరూ కదిలించకూడదు. గోవిందలు చెప్పేటప్పుడు ఇంట్లోవాళ్లందరూ దేవుడి ముందరే ఉండాలి, వేరే మాట ఎత్తకూడదు. ఈ రెండింట్లో అమ్మ ఎవరి మాటా వినదు.

ఓ ఏడాది ఆ శనివారం మధ్యాహ్నం అమ్మ పిలిచేసరికి నా భార్య వడల కోసం బాణలి పెట్టి ఉంది.

"అత్తా, నూనె కాగతా ఉండాది."

"కాగనీలే. సామి ముందర నిలబడేదానికి పొయ్యి అడ్డమా నీకు?"

మంట తగ్గించకుండానే వచ్చి నిలబడింది. గోవిందల మధ్యలో మాడు వాసన వచ్చింది. నేను పరుగెత్తాను.

బాణలి నిండా మంట. పైనున్న చెక్క అలమరను అందుకోబోతోంది. గట్టు కింద గ్యాసు సిలిండరు. నా వెనకే నా భార్య బిందె ఎత్తింది.

"నీళ్లు పోయొద్దు!"

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. మిగతా చదువంతా పుత్తూరు లైబ్రరీ బెంచీ మీదే. ఒక వానరోజు అక్కడ చదివిన చిన్న పుస్తకంలోని పేజీ కళ్లముందు నిలబడింది. కాలుతున్న నూనె మీద నీళ్లు పడితే మంట ఎగజిమ్ముతుంది. గ్యాసు ఆపాలి, గాలి అందకుండా మూత వేయాలి.

వంగి రెగ్యులేటర్ ఆపేశాను. మంట తగ్గలేదు. మూత కోసం చూస్తే ఒక్కటీ లేదు. తళిగ రోజు కదా, పళ్లాలన్నీ పులిహోర మీద, పాయసం మీద, దేవుడి ముందర ఉన్నాయి. అంత వెడల్పు బాణలికి సరిపోయేది దీపం కింది ఇత్తడి తాంబాళం ఒక్కటే.

"తాంబాళం కావాల!"

"దీపం ఉండాది కదరా దాంట్లో!" అంది అమ్మ.

"ఇల్లు అంటుకుంటాదమ్మా!"

అలమర అంచున రంగు పొక్కులుగా లేస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ దీపాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి రెండు చేతులూ ముద్ద కిందికి పోనిచ్చి, వెలుగుతున్న దీపాన్ని అలాగే పైకెత్తింది. కాగిన నెయ్యి మణికట్టు మీదికి ఒలికింది. అయినా వదల్లేదు.

నా భార్య తాంబాళం లాగి నాకిచ్చింది. పక్కనుంచి జరుపుతూ బాణలి మీద మూశాను. అంచుల్లో మంట నాలుకలు చాచి, చిన్నదై, అణిగిపోయింది.

"సల్లారేదాకా ఎవరూ ఎత్తొద్దు," అన్నాను.

అమ్మ దీపాన్ని అరిటాకు మీద దించింది. చెయ్యి ఎర్రగా కమిలిపోయింది. గాజులు తీసి, ఆ చేతిని కొళాయి కింద పెట్టాను.

"పసుపు పెట్టరా."

"వద్దమ్మా, నీళ్లే మంచిది."

"ఇంత సదివినోడివి, పొయ్యి ఆపి రమ్మని నీ పుస్తకంలో రాయలేదా?"

"రాసుండాది."

"మరి సెప్పలేదే?"

"గోవిందలప్పుడు వేరే మాట ఎత్తొద్దంటివి కదా!"

నా భార్య నవ్వింది. అమ్మ నవ్వలేదు. మెడ సాచి దేవుడి గది వైపు చూసింది.

"సూడే, ఎలగతా ఉండాదా?"

"ఎలగతానే ఉండాది అత్తా."

అప్పుడుగానీ అమ్మ చేతిని నీళ్ల కింద కుదురుగా ఉంచలేదు.

మరుసటి పెరటాసికి అమ్మ పిలుపు దేవుడి గదిలోనుంచి రాలేదు. వంటింట్లోనుంచి వచ్చింది.

"పొయ్యి ఆపినాను. ఇంక రండి!"